గోడ పక్కన ఉయ్యాల

ప్రార్థన మందిరం ఎక్కడికీ పోలేదు. దాని రేకుల కప్పు, కప్పు మీద ఇనుప సిలువ, గుమ్మం పక్కన కానుగ చెట్టు అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. గోడ మీదుగా సిలువ కొస కనిపిస్తూనే ఉంది. లోపలికి పోవడానికే దారి లేదు.

ఇంద్రమ్మ గేటు కడ్డీలు పట్టుకొని నిలబడింది. ఆదివారమని తెల్లచీర కట్టుకుంది. చంకలో చాప, రెండో చేతిని పట్టుకొని అత్త నర్సింహమ్మ. వెనకాల చిన్న కూతురు పింకీ, వాడకట్టులోని ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల మెట్ట చెల్కలన్నీ ప్లాట్లయిపోతుంటే మందిరం చుట్టూ ఉన్న చెల్క ఒక్కటి ఆగుతుందా? ఎవరో కొన్నారు, వెంచర్ అని రాళ్లు పాతారు, రంగుల జెండాలు కట్టారు. అంతవరకు ఓర్చుకున్నారు. ఈ వారం చుట్టూ సిమెంటు పలకల గోడ నిలబెట్టి, సాగర్ రోడ్డు వైపు ఒక్క గేటు పెట్టి, దానికి గొలుసు వేసి తాళం కొట్టారు. నర్సింహమ్మ భర్త బతికుండగా ప్రార్థనకని విడిచిన రెండు గుంటల జాగ ఆ గోడ నడుమ పడిపోయింది.

"సైట్ చూడనీకి వచ్చెటోళ్లనే పోనియ్యమన్నరు," అన్నాడు లోపలి నుంచి వాచ్‌మన్ కిష్టా.

"మేము గుడ చూడనీకే వచ్చినం. మా సైటు మేము చూస్తం. తియ్యి."

"నాతోని కాదక్కా. మేనేజర్ సారుకు ఫోన్ చేస్కో."

సారు ఫోన్ ఎత్తలేదు. ఇంద్రమ్మ రెండోసారి నొక్కుతుండగా తెల్లకారు ఒకటి వచ్చింది. కిష్టా పరుగున వచ్చి గొలుసు విప్పాడు. ఆడవాళ్లందరూ పక్కకు జరిగి కారుకు దారి ఇవ్వాల్సి వచ్చింది. వెనక సీటులోని పెద్దమనిషి అద్దం దించి, మందిరం వైపు చెయ్యి చూపించి, "మధ్యలో అదేంటయ్యా?" అని ముందు సీటులోని ఏజెంటును అడిగాడు.

"అది తీసేస్తారండీ. త్వరలోనే క్లియర్ అయిపోద్ది."

అద్దం పైకి పోయింది. గేటు మళ్లీ పడింది. ఇంద్రమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. అరిచింది, గేటును చేత్తో బాదింది. చెయ్యి నొప్పి పుట్టింది తప్ప ఒరిగిందేమీ లేదు.

ఇంటికి వచ్చేసరికి ఆమె మొగుడు యాదయ్య వాకిట్లో ట్రాక్టర్ కడుగుతున్నాడు. ఆ గోడ పలకలను మన్నెగూడ నుంచి మోసుకొచ్చింది ఆ ట్రాక్టరే.

"రోడ్డు దిక్కు పెడ్తరనుకున్న. సుట్టూత పెడ్తరని నాకెవడన్న చెప్పిండా?" అన్నాడు యాదయ్య, ఆమె ఏమీ అడగకముందే.

"చెప్తె మొయ్యకపోదువా?"

యాదయ్య టైరుకున్న మట్టిని ఇంకా గట్టిగా తోమాడు. నర్సింహమ్మ గడప మీద కూలబడి మోకాళ్లు ఒత్తుకుంటూ, "ఆయన పోయిన సంది ఒక్క ఆదివారం తప్పలే. నేనింకెన్ని దినాలుంటనే ఇంద్రా? నన్ను జర లోపటికి తోల్కపోండ్రి," అంది. ఆ మాట విన్నాక ఇంద్రమ్మకు అన్నం సయించలేదు.

ఆ సాయంత్రం పిల్లలను వాకిట్లోనే కూర్చోబెట్టి సండే స్కూల్ నడిపింది. చెప్పవలసిన పాఠం వేరు, నోటికి వచ్చింది వేరు. యెరికో గోడ సంగతి ఎత్తుకుంది. దేవుని జనం నోరు మెదపకుండా రోజుకొకసారి పట్టణం చుట్టూ తిరగడం, ఏడో రోజు ఏడుసార్లు తిరిగి ఒక్కసారిగా కేక వేయడం, అంత పెద్ద గోడా కూలిపోవడం. 'కూలింది' అన్నప్పుడు ఆమె గొంతులో ఉన్నది విశ్వాసం కాదు, కసి. ఆ కూలేదేదో వెంచర్ మేనేజర్ నెత్తిన కూలితే బాగుండునన్న కసి. పిల్లలకు అవన్నీ ఏం తెలుసు? నోళ్లు తెరుచుకొని విన్నారు. పింకీ అయితే రెప్ప వెయ్యలేదు.

సోమవారం ఇంద్రమ్మ ఎమ్మార్వో ఆఫీసుకు పోయింది. సారు మీటింగులో ఉన్నాడు. మధ్యాహ్నం దాకా వేపచెట్టు కింద కూర్చుంటే, సారు అటునుంచి అటే ఫీల్డుకు పోయాడని బంట్రోతు చెప్పాడు. అక్కడి నుంచి ఆటో ఎక్కి బొంగులూరులోని వెంచర్ ఆఫీసుకు పోయింది. మేనేజర్ జయకృష్ణ కుర్చీ చూపించాడు, చల్లని నీళ్లు తెప్పించాడు. విజయవాడ వైపు మనిషి, మాట మెత్తన.

"అమ్మా, మీ ప్రార్థనలకి మేమేం అడ్డం కాదండీ. కస్టమర్లు ఫ్యామిలీలతో వస్తుంటారు కదా, సెక్యూరిటీ కోసం పెట్టాం. మీకు నాలా పక్కన ఇంకో జాగా చూపిస్తాం. అక్కడ హాయిగా పాటలు పాడుకోవచ్చు."

"మా జాగల మేము పాడుకుంటం సార్. తోవ ఇయ్యిండ్రి, చాలు."

"పైవాళ్లతో మాట్లాడి చెప్తానండీ."

కాదు అన్నవాడితో కొట్లాడవచ్చు. చూస్తాం అనేవాడితో ఏం చేస్తాం? నీళ్లు తాగి బయటికి రావడమే. ఆదివారాల్లో హయత్‌నగర్ నుంచి బండి మీద వచ్చి వాక్యం చెప్పే పాస్టర్ విద్యాసాగర్‌కు ఫోన్ చేస్తే ఆయన, "విశ్వాసంతో ప్రభువు కొరకు కనిపెడదాం సిస్టర్," అన్నాడు. ఇంద్రమ్మ వందనాలు చెప్పి ఫోన్ పెట్టేసింది. కనిపెట్టీ కనిపెట్టీ కళ్లు కాయలు కాస్తున్నాయి, ఇంకా ఏం కనిపెట్టాలి?

పొద్దు వాలాక ఎప్పటిలాగే సాగర్ రోడ్డు పక్కన పొయ్యి రాజేసి జొన్నరొట్టెలకు కూర్చుంది. మరిగే నీళ్లు పిండిలో పోసి, చెయ్యి కాలుతున్నా పిసికి, ముద్ద చేసి, పీట మీద పెట్టి అరచేత్తో తట్టసాగింది. మామూలుగా ఆమె తడుతుంటే రొట్టె తనంతట తానే గుండ్రంగా తిరుగుతుంది. ఆ రోజు చెయ్యి బరువుగా పడి అంచులు పగిలిపోయాయి. పగిలినదాన్ని మళ్లీ ముద్ద చేసి మళ్లీ తట్టింది. కార్లు ఆపి కొనుక్కునేవాళ్లు హారన్లు కొట్టారు.

ఆ కొనేవాళ్ల నడుమనే కిష్టా పెండ్లాం బుచ్చి వచ్చి నిలబడింది. పాలమూరు దిక్కు నుంచి పని కోసం వచ్చిన పిల్ల. నడుము మీద చంటివాడు. "రెండు రొట్టెలియ్యక్కా," అంది.

పెనం పక్కన రొట్టెలు దొంతరగా ఉన్నాయి. ఇంద్రమ్మ వాటి మీద గుడ్డ కప్పింది. "మీ గేటోళ్లకు లేవు," అంది.

బుచ్చి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ వారంలో ఇంద్రమ్మ గెలిచింది అదొక్కటే. గెలిచినందుకు సంతోషమేమీ కలగలేదు.

మంగళవారం పొద్దున పింకీ బడికి ఆలస్యంగా పోయిందని టీచర్ ఫోన్ చేసింది. బుధవారం పొద్దున ఇంద్రమ్మ లేచేసరికి పక్కలో పిల్ల లేదు. వెతుక్కుంటూ పోతే గోడ వెంట వస్తూ కనిపించింది. పింకీ ముందు, వాడకట్టు పిల్లలు వెనక, వరసగా నడుస్తున్నారు. తుమ్మ ముళ్లు తప్పించుకుంటూ, ఎండిన గడ్డిలో కాళ్లు పెట్టుకుంటూ. ఒక్కరి నోటా మాట లేదు. అందరికన్నా చిన్నపిల్ల నవ్వు ఆపుకోలేక రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఏం చేస్తున్రే ఈడ?" అని ఇంద్రమ్మ అరిచింది. పింకీ వేలు పెదాల మీద పెట్టుకొని, తల్లిని దాటుకొని నడిచిపోయింది. గేటు దాకా పోయి చుట్టు పూర్తయ్యాకనే వెనక్కి పరుగెత్తుకొచ్చింది.

"మాట్లాడొద్దని నువ్వే చెప్పినవ్ గదమ్మా! మూడు రోజులైంది. ఇంక నాలుగే."

"గది గప్పటి ముచ్చట బిడ్డా. గిప్పుడు గట్ల కావు."

"గప్పటి దేవుడు వేరేనా?"

ఇంద్రమ్మ సండే స్కూల్ టీచర్ అయ్యుండి 'వేరే' అనలేదు. 'ఒకడే' అంటే పిల్ల రేపు కూడా పోతుంది. విసుగొచ్చి వీపు మీద ఒక దెబ్బ వేసి బడికి తోలింది. పింకీ ఏడవలేదు. సంచి భుజానికి తగిలించుకుంటూ, "ఆదివారం నాయనమ్మను తయారు చెయ్యి," అని చెప్పి మరీ పోయింది.

ఇంద్రమ్మకు ఇప్పుడు గోడ దిగులుకు తోడు ఇంకో దిగులు పట్టుకుంది. ఆదివారం వస్తుంది. పిల్లలు కేక వేస్తారు. గోడ అట్లాగే ఉంటుంది. అప్పుడు ఆ మొహాలను ఎట్లా చూడాలి? తన కసికి పసివాళ్ల నమ్మకాన్ని పెట్టుబడి పెట్టానా అని తనను తానే తిట్టుకుంది. మందిరం పోతే ఇంకోచోట కట్టుకోవచ్చు. పిల్ల మనసులో ఉన్నది పోతే ఏం పెట్టి కడతారు?

గురువారం సాయంత్రం రొట్టెల పొయ్యి దగ్గరికి బుచ్చి మళ్లీ వచ్చింది. ఈసారి కొనడానికి కాదు. మొహం ఎర్రగా ఉంది, కొంగు బిగించి నడుముకు చుట్టుకుంది.

"ఏందక్కా, మేమేం పాపం చేసినం నీకు? నీ బిడ్డ పొద్దుగాల్నే గేటు సందుల నుంచి దూరి మా కొట్టంలకు వచ్చి, గోడ వడ్తది, ఉయ్యాల దీసెయ్యి అంటది. మాకు శాపం వెడ్తున్రా? లేకుంటే మీ ఆయన ట్రాక్టర్ వెట్టి గుద్దుతడా? మా ఆయన సారుకు చెప్తనంటే నేనే ఆపిన."

కిష్టా వాళ్ల కొట్టం గోడకు లోపలివైపు ఆనుకొని ఉంది. పైన రేకులు గోడ పలకల మీదే ఆన్చారు. గోడ స్తంభానికి ఉన్న ఇనుప కొక్కేనికి ఒక కొస, కొట్టం గుంజకు ఇంకో కొస కట్టి, పాత చీరతో చంటివాడికి ఉయ్యాల వేశారు. ఇంద్రమ్మ గేటు సందులోంచి అది రెండు మూడుసార్లు చూసింది. చూసిందన్న మాటే గానీ పట్టించుకోలేదు.

పింకీ ఆ పక్కనే కూర్చొని హోంవర్క్ రాసుకుంటోంది. ఇంద్రమ్మ రెక్క పట్టి లేపింది. "ఏందే? వాళ్లింటికి పోయి ఏం చెప్పినవ్?"

"ఉన్నదే చెప్పిన."

"ఎందుకు చెప్పినవ్?"

పింకీ ఒకసారి తల్లిని, ఒకసారి బుచ్చిని చూసింది. ఇంత చిన్న సంగతి పెద్దవాళ్లకు అర్థం కాలేదా అన్నట్టు.

"వాళ్లకు తెల్వదు గదమ్మా. వాళ్లు మన సండే స్కూలుకు వస్తరా ఏంది? ఆదివారం గోడ పడ్తది. తమ్ముడు ఉయ్యాలలనే ఉంటె మీద పడదా? తెలిసి గుడ చెప్పకుంటే దేవుడు నన్ను అడగడా?"

పెనం మీది రొట్టె మాడుతోంది. ఇంద్రమ్మ చెయ్యి దాని దగ్గరికి పోలేదు.

ఆదివారం నుంచీ ఆమె ఆ గోడ కూలాలని మోకాళ్ల మీద అడుగుతూనే ఉంది. గోడ పక్కన ఒక ఉయ్యాల ఉందని ఒక్క ప్రార్థనలోనూ గుర్తుకు రాలేదు. ఎట్లా వస్తుంది? కూలుతుందని నమ్మినప్పుడు కదా, ఎవరి మీద కూలుతుందో అని భయం వేసేది. భయపడింది పింకీ ఒక్కతే. అంటే నమ్మింది కూడా పింకీ ఒక్కతే. ఇన్నేళ్లు పిల్లలకు విశ్వాసం గురించి పాఠాలు చెప్పిన ఇంద్రమ్మకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

బుచ్చి కోపం కూడా ఎటో పోయింది. చంటివాణ్ని ఈ నడుము మీద నుంచి ఆ నడుము మీదికి మార్చుకుంది. "గదా సంగతి..." అని మాత్రం అని వెనక్కి తిరిగింది.

"చెల్లె, ఆగు. రొట్టెలు దీస్కపో."

"మొన్న లేవంటివి గద," అని బుచ్చి ఆగకుండానే పోయింది.

శనివారం ఇంద్రమ్మ పింకీకి తల దువ్వుతూ నెమ్మదిగా మొదలుపెట్టింది. "బిడ్డా, రేపు గోడ పడకపోవచ్చు. దేవుడు కొన్నిసార్లు జర ఆలస్యం చేస్తడు."

"ఎందుకు చేస్తడు?"

"మనకెట్ల ఎర్క?"

"మరి ఎర్క లేనప్పుడు పడదని ఎందుకంటవ్?" పింకీ జడ విడిపించుకొని యాదయ్య దగ్గరికి పోయింది. "బాపూ, రేపు నాయనమ్మను ట్రాక్టర్‌ల తోల్కరా. ఆమె నడవలేదు. గోడ పడంగనే లోపటికి పోవాలె గద."

యాదయ్య పెండ్లాం వైపు చూశాడు. ఆమె తల దించుకొని దువ్వెనలోని వెంట్రుకలు తీస్తోంది. "సరే తియ్యి," అన్నాడు. వారం నుంచి ఇంట్లో తల ఎత్తుకోలేక తిరుగుతున్న మనిషి, ఏదో ఒక పని చెప్పారు, అదే చాలనుకున్నట్టున్నాడు.

ఆదివారం సూర్యుడు రాకముందే పిల్లలు తిరగడం మొదలుపెట్టారు. యాదయ్య ట్రాలీలో గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి తల్లిని కూర్చోబెట్టి తెచ్చాడు. ఇంద్రమ్మ తెల్లచీరతో, చాపతో వెనక నడిచి వచ్చింది. సంగతి తెలిసి వాడకట్టు ఆడవాళ్లూ వచ్చారు. గేటు దగ్గరి దృశ్యం చూసి అందరూ ఆగిపోయారు.

రోడ్డు పక్కన నులక మంచం, దాని మీద బియ్యం డబ్బా, గ్యాస్ స్టవ్వు, మడతపెట్టిన బొంతలు, కట్ట కట్టిన గిన్నెలు. రోడ్డుకు అవతల వేపచెట్టు కొమ్మకు ఉయ్యాల. అందులో చంటివాడు. బుచ్చి దాన్ని ఊపుతోంది. కిష్టా నెత్తి మీద ట్రంకు పెట్టెతో గేటులోంచి బయటికి వస్తున్నాడు, మొహం మాడ్చుకొని.

"మీ పిల్ల ఏం మంత్రమేసిందో గాని, దీనికి రెండు దినాల సంది నిద్ర లేదు, నన్ను పండనిస్తలేదు," అన్నాడు ఇంద్రమ్మను చూడగానే. "చిన్నపిల్లలు అబద్ధమాడరంట. సామానంత బయట పెట్టకుంటే పుట్టింటికి పోతనన్నది. నా కర్మ!"

గోడ మూల తిరిగి పిల్లలు వస్తున్నారు. కాళ్లు దుమ్ము కొట్టుకుపోయాయి, చిన్నపిల్లను హర్షిత అనే పెద్దపిల్ల వీపున మోస్తోంది. ఎన్నో చుట్టో పెద్దవాళ్లెవరూ లెక్కపెట్టలేదు. పింకీ లెక్కపెట్టింది. గేటు ముందుకు వచ్చి ఆగి, రోడ్డుకు అవతల ఉయ్యాల ఉందో లేదో చూసుకుంది. ఉంది. అప్పుడు చెయ్యి ఎత్తింది.

పిల్లలందరూ కేక వేశారు. గొంతుల్లో ఎంత ఉంటే అంత. మోస్తున్నదీ, మోయించుకుంటున్నదీ, పింకీ అయితే మెడనరాలు ఉబ్బేదాకా. వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి. రోడ్డు మీద పోయే లారీవాడు తల బయట పెట్టి చూశాడు.

ఇంద్రమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. గోడను చూడటానికి భయపడి కాదు. పింకీ మొహం చూడలేక.

కేక ఆగింది. ఏ చప్పుడూ లేదు. కళ్లు తెరిచి చూస్తే గోడ గోడలాగే ఉంది. ఒక్క పలక కదలలేదు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. యాదయ్య ట్రాక్టర్ స్టీరింగ్ మీద తల ఆనించాడు. ఇంద్రమ్మ నోటి దాకా కోపం వచ్చింది. ఈసారి ఎమ్మార్వో మీద కాదు, జయకృష్ణ మీద కాదు. ఒక్క పలక, పసిపిల్లల కోసం ఒక్క పలక కదిలిస్తే నీ సొమ్మేం పోతుంది తండ్రీ, అనుకుంది.

"ఏందే అందరు గట్ల నిలవడ్డరు?" అంది ట్రాలీలోంచి నర్సింహమ్మ. "గేటు తెర్శే ఉన్నది గద."

అందరూ అటు తిరిగారు. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి ఉన్నాయి. ట్రంకు పెట్టె పట్టేటట్టు కిష్టానే తెరిచి, మళ్లీ పడిపోకుండా రెండువైపులా రాళ్లు పెట్టాడు. గొలుసు మట్టిలో పడి ఉంది.

కిష్టా గేటును చూశాడు, గొలుసును చూశాడు. పెట్టె కింద పెట్టి రెండడుగులు వేశాడు. అప్పటికే యాదయ్య తల్లిని రెండు చేతుల మీద దించాడు. ముసలమ్మ కట్టె ఆనించుకుంటూ, దుమ్ములో ఒక్కొక్క అడుగే వేస్తూ, నేరుగా గేటు వైపు వస్తోంది. అడ్డం పోవాలంటే ఆమె ఒంటి మీద చెయ్యి వెయ్యాలి. కిష్టా పెండ్లాం వైపు చూశాడు. బుచ్చి ఉయ్యాల ఊపుతూ మొగుణ్నే చూస్తోంది. అతను ఆగిపోయాడు.

"సార్లు కార్లేస్కొని వచ్చే యాళ్లకు బయట వడుండ్రి," అన్నాడు పక్కకు జరిగి. "జల్ది చేస్కోండ్రి. నాకు నౌకరి ఉండాలె."

అందరికన్నా ముందు పింకీ దూరింది. గోడ పొడుగునా ఒకసారి చూసి, రెండు చేతులూ చాపి అందరినీ నడుమకు తోలింది. "ఇంక పడలేదు! గోడ దిక్కు పోకుండ్రి. నడుమల నుంచి రాండ్రి. నాయనమ్మా, ఇటు, ఇటు."

మందిరంలో వారం దుమ్ము పేరుకుంది. ఇంద్రమ్మ ఊడ్చి చాప పరిచింది. నర్సింహమ్మ ఎప్పుడూ కూర్చునే చోట, గోడకు వీపు ఆనించి కూర్చుంది. పాట ఆమే ఎత్తుకుంది. గొంతు వణికింది గానీ పాట ఆగలేదు. పాస్టర్ వచ్చే వేళ ఇంకా కాలేదు, ప్రార్థన ఇంద్రమ్మే చేయాలి. లేచి నిలబడింది. వారమంతా అడిగినవీ, ఏకరువు పెట్టినవీ ఒక్కటీ నోటికి రాలేదు. "తండ్రీ..." అని ఆగింది. మళ్లీ "తండ్రీ" అంది. కళ్ల నీళ్లు ఆగలేదు. ఆడవాళ్లు ఆమెన్ అన్నారు.

బయటికి వచ్చేసరికి ఎండ ఎక్కింది. వచ్చే ఆదివారం ఈ గేటు తెరుచుకుంటుందో లేదో ఎవరికీ తెలియదు. జయకృష్ణ పైవాళ్లతో మాట్లాడుతూనే ఉంటాడు, ఎమ్మార్వో మీటింగులోనే ఉంటాడు. కిష్టా రాళ్లు తీసి గేటు ఒక రెక్క మూశాడు. బుచ్చి నులక మంచం ఒక కొస పట్టుకొని లోపలికి లాగుతోంది. పింకీ పరుగెత్తి మంచం ఇంకో కొస పట్టుకొని వెనక్కి గుంజింది. "చిన్నమ్మా, వద్దు! ఇంక పడలేదు గద! ఇయ్యాల పడకుంటే రేపు పడ్తది."

బుచ్చి మంచం వదిలి ఇంద్రమ్మ దగ్గరికి వచ్చింది. కిష్టాకు వినపడకుండా గొంతు తగ్గించి, "అక్కా, నువ్వు పెద్దదానివి. నిజం చెప్పు. పడ్తదా?" అని అడిగింది.

పడదు అని చెప్పడం ఎంత తేలిక! వారం కింద అయితే అదే చెప్పేది. ఇంద్రమ్మ గోడ వైపు చూసింది. యాదయ్య మోసిన పలకలు వరుసగా, నిటారుగా ఉన్నాయి. స్తంభానికి ఇనుప కొక్కెం ఖాళీగా ఉంది. వేపచెట్టు కింద చంటివాడు నోట్లో వేలు పెట్టుకొని నిద్రపోతున్నాడు. పింకీ మంచం వదలకుండా తల్లి మొహంలోకే చూస్తోంది.

"సామాను లోపట పెట్టుకో చెల్లె," అంది ఇంద్రమ్మ. "ఉయ్యాల మాత్రం గోడకు కట్టకు."